గుడ్డ కంటే ముందు గాలి: టెలిఫొటో లెన్సు ముందు గ్లాసు తుడిచే పద్ధతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే టెలిఫొటో లెన్సు, 150-600 మి.మీ. జూమ్, వాడినది ఒకటి కొన్నారు. ముందు గ్లాసు మీద సన్నటి దుమ్ము, ఎవరిదో బొటనవేలి ముద్ర, ఎండిపోయిన నీటి చుక్కల మరకలు కనిపిస్తున్నాయి. దూరంగా ఉన్న పక్షుల ఫొటోలు పాలిపోయినట్టు వస్తున్నాయి. కళ్లజోడు గుడ్డతో తుడిచేయమని స్నేహితుడు చెప్పాడు, మీకేమో చేయి రావడం లేదు. చివర్లో, లెన్సు ముందు బిగించే గాజు ఫిల్టర్ వేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా అని కూడా అడిగారు.

చేయి రాకపోవడమే మంచిదైంది. నా మొదటి టెలిఫొటో గ్లాసు మీద, అంచుకు దగ్గరగా, నెలవంకలా వంగిన సన్నటి గీతలు మూడున్నాయి. సముద్రపు ఒడ్డున గాలికి లేచిన ఇసుక గ్లాసు మీద పడితే చొక్కా అంచుతో ఒక్కసారి గుండ్రంగా తిప్పి తుడిచాను. రెండు సెకన్ల పని. వేలి కింద సన్నగా కిరకిరమంది, పలక మీద బలపం జారినట్టు. ఆ చప్పుడుకి చేయి ఆగింది గానీ గీతలు అప్పటికే పడిపోయాయి.

గీసింది చొక్కా కాదండి, చొక్కా కింద ఉన్న ఇసుక రేణువు. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని పదికి లెక్కించే మోస్ కొలమానం మీద దానిది 7. లెన్సుల్లో వాడే గ్లాసులు చాలావరకు అంతకంటే మెత్తన. కాబట్టి ఎంత ఖరీదైన మైక్రోఫైబర్ గుడ్డ పట్టుకున్నా, దాని కింద ఒక్క రేణువు ఉంటే అది గరుకు కాగితమే. లెన్సు శుభ్రం చేయడంలో తొంభై పాళ్లు పని ఆ రేణువుల్ని గ్లాసును తాకకుండా వదిలించడమే. తుడవడం అనేది మిగిలిన పది పాళ్లు, అది కూడా అవసరమైతేనే.

అసలు అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. మీ లెన్సు 600 మి.మీ. దగ్గర ఎఫ్/6.3 అనుకుంటే, అంటే 600ను 6.3తో భాగిస్తే, కాంతి లోపలికి వచ్చే ద్వారం వెడల్పు సుమారు 95 మి.మీ. ఒక మిల్లీమీటరు వెడల్పున్న దుమ్ము చుక్క ఆ వైశాల్యంలో 9,025 వంతుల్లో ఒక్క వంతును మాత్రమే కప్పుతుంది. పైగా ఫోకస్ ఎక్కడో దూరాన ఉన్న కొంగ మీద ఉంటుంది కాబట్టి, ముందు గ్లాసు మీద ఉన్న చుక్కకు ఫొటోలో రూపమే ఉండదు. పోయేది కాస్త వెలుగు, అదీ కంటికి ఆననంత. పది, ఇరవై చుక్కలున్నా అంతే. అందుకే టెలిఫొటో మీద నాలుగు దుమ్ము కణాలు కనిపించగానే గుడ్డ తీసేవాళ్లను చూస్తే నాకు గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే అనిపిస్తుంది.

వేలిముద్ర సంగతి వేరు. దాని వెడల్పు 20 మి.మీ. అనుకోండి, వైశాల్యంలో 4 శాతం దాటుతుంది. అది కాంతిని ఆపదు, చెదరగొడుతుంది. వెలుతురు మీ వెనక నుంచి పడుతున్నంతసేపూ ఏమీ తెలియదు. సూర్యుడు ఎదురుగా వచ్చాడంటే మాత్రం నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది, ఫొటో మీద పల్చటి పాలతెర కప్పినట్టు ఉంటుంది. చర్మం నుంచి అంటే నూనెను, చెమటను నెలల తరబడి అలాగే వదిలేస్తే కోటింగ్ మీద, అంటే కాంతి వెనక్కి కొట్టకుండా గ్లాసుకు వేసే పల్చటి పూత మీద, మచ్చ మిగిలిపోయే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి మీ విషయంలో ముద్రను తీయాల్సిందే. దుమ్ము ఆ పనిలోనే పోతుంది.

అయితే ఫొటోలు పాలిపోవడానికి కారణం ఈ ముద్రేనని అప్పుడే రాసిపెట్టుకోకండి. 600 మి.మీ.లో తీస్తున్నప్పుడు మధ్యాహ్నం నేల మీంచి లేచే వేడి గాలి చేసే పాడు ఏ వేలిముద్రా చేయలేదు. అదే పక్షిని పొద్దున్నే, దగ్గర్నుంచి, వెలుతురు ఎదురుగా ఉంచుకునే తీసి చూడండి. బాగా వస్తే తప్పు గ్లాసుది కాదు. ఇంకోటి: కాంతి ద్వారం బాగా చిన్నదయ్యే ఎఫ్/16, ఎఫ్/22 దగ్గర ఆకాశం ఫొటోలో నల్లటి చుక్కలు ఎప్పుడూ ఒకే చోట కనిపిస్తుంటే అది కెమెరా లోపల ఫొటోను పట్టే సెన్సార్ మీద దుమ్ము. ముందు గ్లాసు ఎంత రుద్దినా ఆ చుక్కలు పోవు. ఈ పొరపాటుతో గ్లాసును అరగదీసినవాళ్లు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

లెన్సులోంచి టార్చ్ కొట్టి చూసే అలవాటు కూడా మానుకోవాలి. అలా చూస్తే డబ్బా విప్పిన కొత్త లెన్సు కూడా చెత్తకుండీలాగే కనిపిస్తుంది. కిటికీ పక్కన నిలబడి, గ్లాసును పక్కకు వంచి, వెలుతురు ఏటవాలుగా జారేలా చూడండి. ముద్ర ఎక్కడుంది, నీటి మరకలు ఎన్ని, రేణువులు ఎటువైపు పేరుకున్నాయి అన్నది చాలినంత తెలుస్తుంది.

ఇక పని. ఫ్యాన్ ఆపండి. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోండి. ఉంగరం తీసేయండి, మెడలో గొలుసు గాని ఐడీ కార్డు గాని వేలాడుతుంటే అదీ తీయండి. బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు వేసి, లెన్సు వెనక మూత బిగించి, ముందు తొడిగే గొట్టం లాంటి హుడ్ తీసి, జూమ్‌ను 150 దగ్గర లాక్ చేయండి. బరువైన జూమ్‌లు ముందుకు వంచితే వాటంతటవే జారి సాగుతాయి, తుడుస్తుండగా గ్లాసు మీ చేతిలోకి దూసుకొస్తుంది.

మొదట బ్లోయర్. రబ్బరు బుడగలాంటిది, పిండితే ముక్కులోంచి గాలి వచ్చేది. గ్లాసు నేలవైపు చూసేలా లెన్సును కాస్త వంచి పట్టుకుని కింద నుంచి ఊదండి, లేచిన దుమ్ము మళ్లీ దాని మీదే పడకుండా. బ్లోయర్ ముక్కు గ్లాసుకు తగలకుండా మూడు, నాలుగు సెంటీమీటర్లు దూరం ఉంచాలి. ముందు రెండు మూడు సార్లు ఖాళీ గాలిలోకి పిండండి, లోపల కూర్చున్న దుమ్ము అక్కడే పోతుంది. మధ్యలో కంటే అంచు దగ్గర ఎక్కువసేపు ఊదండి. గ్లాసూ నల్లటి రింగూ కలిసే సన్నటి గాడిలోనే ఇసుక దాక్కుంటుంది. దాన్ని వదిలేసి తర్వాత గుడ్డ తిప్పితే అక్కడి రేణువును మీరే గ్లాసంతా ఊరేగించినవాళ్లవుతారు. ఇరవై, ముప్పై సార్లు పిండినా ఎక్కువేం కాదు.

కంప్యూటర్లు శుభ్రం చేసే స్ప్రే గాలి డబ్బా మాత్రం వద్దు. అందులో ఉండేది ఒత్తిడితో ద్రవంగా మారిన వాయువు. డబ్బా కాస్త వంగితే ఆ ద్రవమే బయటికి చిమ్మి గ్లాసు మీద పడుతుంది, చటుక్కున చల్లబరుస్తుంది, మరక మిగులుస్తుంది. నోటితో ఉఫ్ అని ఊదడమూ వద్దు. గాలి కంటే ఉమ్ము తుంపర్లే ముందు చేరతాయి.

గాలికి కదలనివి ఉంటే అప్పుడు బ్రష్. మేక వెంట్రుకలతోనో, అంత మెత్తటి వేరే వెంట్రుకలతోనో చేసింది. దీన్ని రంగులద్దే బ్రష్‌లా నొక్కకూడదు, కొస మాత్రమే తగిలేలా మధ్య నుంచి బయటికి ఎగరగొట్టాలి. రెండు దెబ్బలకోసారి బ్రష్‌ను దులిపి, దాని మీద కూడా బ్లోయర్ కొట్టండి. మెత్తగా ఉందో లేదో అని వేలితో నిమిరి చూస్తారు చాలామంది. ఆ ఒక్క నిమరడంతో వేలి నూనె వెంట్రుకలకు ఎక్కి, మరుక్షణం గ్లాసుకు చేరుతుంది. ఆ తర్వాత మరోసారి బ్లోయర్.

ఇక్కడ ఆగి మళ్లీ కిటికీ దగ్గర చూడండి. నా అనుభవంలో పదిసార్లలో ఎనిమిదిసార్లు పని ఇక్కడితో సరి. మూత పెట్టేసి లేచిపోవచ్చు. మీకు ముద్ర ఉంది కాబట్టి ముందుకు వెళ్దాం.

తడి లేకుండా తుడవొద్దు. నూనె మరకను పొడి గుడ్డతో రుద్దితే అది పోదు, పల్చగా పరుచుకుంటుంది. కావాల్సినవి లెన్సు టిష్యూ, లెన్సు క్లీనింగ్ ద్రవం. ద్రవం దొరక్కపోతే ఏ సువాసనా, ఏ రంగూ కలపని శుద్ధ ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అమ్మోనియా ఉండే కిటికీ అద్దాల స్ప్రేలు, నెయిల్ పాలిష్ తీసే ఎసిటోన్ దగ్గరికి రానివ్వకండి. గ్లాసు సంగతి తర్వాత, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నూ పెయింట్‌నూ ఎసిటోన్ కరిగించేస్తుంది. హ్యాండ్ శానిటైజర్ కూడా ఆల్కహాలే కదా అనే తెలివి ఈమధ్య ఎక్కువైంది. చర్మం పొడిబారకుండా అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. అది గ్లాసు మీద జిగట పొరగా మిగిలిపోతుంది, ఇక దాన్ని తీయడం ఇంకో పని.

టిష్యూను వేలెడు వెడల్పు పట్టీలా మడవండి. గ్లాసుకు తగిలే మడతను వేళ్లతో ముట్టుకోకండి. ఆ మడత మీద ద్రవం రెండు చుక్కలు వేయండి. టిష్యూ మీద వేయాలి, గ్లాసు మీద ఎప్పుడూ వద్దు. నాకు తెలిసినాయన ఒకరు నేరుగా గ్లాసు మీదే స్ప్రే కొట్టారు. ద్రవం జారి అంచు రింగు సందులోంచి లోపలికి పాకింది. కొన్నాళ్లకు గ్లాసు లోపలి వైపు, అంచును ఆనుకుని తెల్లటి అర్ధచంద్రాకారపు మరక తేలింది. బయటి నుంచి ఎంత తుడిచినా అది పోయేది కాదు, ముందు భాగం విప్పించాల్సి వచ్చింది. సన్నటి సందులోకి ద్రవం దానంతటదే లాక్కుపోతుంది, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు. వాన తట్టుకునే సీళ్లు ఉన్నాయిగా అంటారేమో, వానచినుకుతో పోలిస్తే ఆల్కహాల్ చాలా చిన్న సందుల్లో కూడా ఇట్టే పాకుతుంది.

టిష్యూ తడిగా ఉండాలి, కారకూడదు. పిండితే చుక్క రాలేటట్టుంటే అర నిమిషం ఆగండి. మధ్యలో ఆనించి, బలం పెట్టకుండా, టిష్యూ బరువే పని చేస్తుందన్నట్టు, మెల్లగా సుడి తిరుగుతూ బయటికి వెళ్లండి. వేలికి ఏదైనా గరుకు తగిలినా, చెవికి కిర్రుమన్నా వెంటనే ఎత్తేయండి, మళ్లీ బ్లోయర్ దగ్గరికి వెళ్లండి. అంచుకు చేరాక టిష్యూ పైకి లేపి అవతల పడేయండి. అదే టిష్యూతో రెండో చుట్టు వద్దు. ముద్ర పూర్తిగా పోవడానికి మూడు టిష్యూలు పట్టొచ్చు, నాలుగైనా పట్టొచ్చు. ఇక్కడ పిసినారితనం చూపించి ఒకే టిష్యూను తిప్పి తిప్పి వాడితే, మధ్యలో తీసిన నూనెను అంచుకు పూసినట్టే అవుతుంది.

పెద్ద గ్లాసులతో ఒక చిక్కుంది. చిన్న లెన్సయితే ఒక చుట్టులో మొత్తం తడిసి మొత్తం ఆరుతుంది. 95 మి.మీ. గ్లాసు మీద, మీరు అంచుకు చేరేలోపు మధ్యలో ఆరిపోయి చారలు పడతాయి. ఏటవాలు వెలుతురులో ఆ చారలు సబ్బు బుడగ మీది రంగుల్లా మెరుస్తాయి. కోటింగ్ లేచిపోయిందని గుండె జారుతుంది, కానీ అది ఎండిన ద్రవం పొర మాత్రమే. గ్లాసుకు కాస్త దూరంగా నోరు తెరిచి మెల్లగా హా అని ఆవిరి పట్టించండి, ఊదకండి. ఆ మంచు ఆరిపోయేలోపు శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తేలిగ్గా తుడవండి. ఆవిరి వద్దే వద్దనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల భయం తుంపర్ల గురించి. ఉమ్ము పడుతుందనిపిస్తే ఇంకో టిష్యూ మీద స్వేదనజలం ఒక చుక్క వేసుకుని అదే పని చేయండి. అంచు రింగు పక్కన సన్నటి తడి వలయం మిగిలితే పొడి టిష్యూ మూలను కోసుగా మడిచి అక్కడ ఒక్కసారి తిప్పండి.

ఎండిన నీటి మరకలకు ఆల్కహాల్ సరిపోదు. నీరు పోయి, అందులోని సున్నం లవణాలు మిగిలిపోయాయి. వాటిలో కరిగేవాటిని కరిగించేది మళ్లీ నీరే. స్వేదనజలంతో తడిపిన టిష్యూను మరక మీద ఒక నిమిషం ఊరికే ఆనించి ఉంచండి, నానాక తీసి, కొత్త తడి టిష్యూతో తుడవండి. సముద్రం దగ్గర పడ్డ ఉప్పు తుంపర్లకూ ఇదే పద్ధతి. ఎండిన ఉప్పు పలుకుల్ని కరగకముందే రుద్దితే అవీ గీస్తాయి. పక్షి రెట్ట పడితే ఇంటికి వెళ్లేదాకా ఆగకండి, అందులో ఆమ్లం ఉంటుంది, ఎండే కొద్దీ గట్టిపడుతుంది. తాగే నీళ్లయినా సరే, టిష్యూ తడిపి నానబెట్టి ఎత్తేయండి, మిగతా సంగతి తర్వాత చూసుకోవచ్చు. రెండుసార్లు నానబెట్టినా పోని సున్నపు మరకకు వెనిగర్ వాడమనే సలహా వింటారు. నేను దాన్ని ఫిల్టర్ల మీద వాడాను గానీ లెన్సు గ్లాసు మీద వాడను. నాలుగు చుక్కలు ఫొటోలో ఎలాగూ కనిపించవు.

కోటింగ్ గురించి మరీ భయపడక్కర్లేదు. దాని విలువ మాత్రం తెలిసి ఉండాలి. కోటింగ్ లేని ప్రతి గ్లాసు ఉపరితలమూ సుమారు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. అలాంటివి 30 ఉంటే చివరికి మూడో వంతు కాంతి కూడా సెన్సార్‌కు చేరదు. 1935లో జర్మనీ లెన్సుల సంస్థ జైస్‌లో పనిచేసే అలెగ్జాండర్ స్మకులా ఈ పూతకు పేటెంట్ తీసుకున్నారు. ఇలాంటి పూత లేకపోతే ఇన్ని గ్లాసులున్న జూమ్‌లతో పని జరగడం కష్టం. ఒక పొర మందం సుమారు 100 నానోమీటర్లు, వెంట్రుక మందంలో వందల వంతుల్లో ఒకటి. అంత పల్చనైనా అది గట్టిగానే అంటుకుని ఉంటుంది. పద్ధతిగా తుడిస్తే ఏళ్ల తరబడి ఏమీ కాదు, ఇసుకతో రుద్దితే ఒక్కసారికే పోతుంది. కొత్త లెన్సుల్లో చాలావాటికి ముందు గ్లాసు మీద ఫ్లోరిన్ పూత కూడా ఉంటుంది. నీటి చుక్క తామరాకు మీదలా నిలబడుతుంది, వేలిముద్ర ఒక టిష్యూతోనే వచ్చేస్తుంది. మీ లెన్సుకు ఉందో లేదో కంపెనీ ఇచ్చిన వివరాల్లో చూడండి. ఉంటే మీ పని సగం తగ్గినట్టే.

లెన్స్ పెన్ వాడమని కూడా కొందరు అంటారు. ఒక కొసన బ్రష్, ఇంకో కొసన కార్బన్ పొడి పూసిన మెత్తటి తల ఉంటుంది. బయట తిరుగుతున్నప్పుడు ఒక చిన్న ముద్ర తీయడానికి బాగుంటుంది. నాదీ ఒకటి సంచిలో ఉంటుంది. బ్లోయర్ కొట్టకుండా వాడితే మాత్రం ఆ తలలో ఇసుక ఇరుక్కుంటుంది, అక్కడి నుంచి అదే గీతలు గీసే కలం. తడి గ్లాసు మీద దాన్ని వాడకూడదు.

కళ్లజోడు గుడ్డ సంగతికొస్తే, గుడ్డ తప్పు లేదు. అది ఎక్కడ తిరిగి వచ్చిందన్నదే ప్రశ్న. జేబులో, బల్ల మీద, ముఖం నూనె అంటిన కళ్లజోడు మీద తిరిగిన గుడ్డను లెన్సుకు వాడకండి. లెన్సుకంటూ రెండు విడిగా పెట్టుకుని, జిప్ ఉన్న చిన్న కవర్లో ఉంచండి. కింద పడితే ఇక అది ఉతుక్కే. ఉతికేటప్పుడు బట్టలకు మెత్తదనం కోసం వేసే ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ తగలనివ్వకండి. దాని పొర గుడ్డకు పట్టి, గ్లాసు మీద జిడ్డుగా దిగుతుంది.

ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వచ్చినప్పుడు గ్లాసు తెల్లగా మంచు పట్టేస్తుంది. అది మురికి కాదు, తుడవకండి. ఒకసారి తుడిస్తే మళ్లీ పడుతుంది, ఇంకోసారి తుడుస్తారు, ఈలోగా గాల్లో దుమ్మంతా ఆ తడికి అంటుతుంది. బయటికి వెళ్లే ముందే సంచిలో పెట్టి జిప్ వేసి, బయట కాసేపు అలాగే ఉంచితే ఆ బాధే ఉండదు. పెద్ద లెన్సు వేడెక్కడానికి అరగంట పైనే పడుతుంది.

ఫిల్టర్ విషయానికి వస్తే, నేను టెలిఫొటో మీద మామూలు రోజుల్లో వేయను. చౌక ఫిల్టర్ గ్లాసు ఏమాత్రం చదునుగా లేకపోయినా పొడవైన ఫోకల్ లెంగ్త్ ఆ లోపాన్ని పెద్దది చేసి చూపిస్తుంది, ఎదురు వెలుతురులో అక్కడ లేని వెలుగు మచ్చలూ ఫొటోలో వస్తాయి. ఇసుక గాలి, సముద్రపు తుంపర్లు ఉన్నచోట మంచి ఫిల్టర్ వేస్తాను, పని అవగానే తీసేస్తాను. 400 ఎఫ్/2.8, 600 ఎఫ్/4 లాంటి పెద్ద లెన్సులకు ముందువైపు ఫిల్టర్ పట్టే మరే ఉండదు, వాటికి ఫిల్టర్ వెనక భాగంలో సొరుగులా దూరుతుంది. మిగతా రోజుల్లో నాకు రక్షణ హుడ్డే. మీ లెన్సు హుడ్ లోతుగా ఉంటుంది, వేలూ వానా రెండూ అంత తేలిగ్గా గ్లాసు దాకా చేరవు. వాడిన లెన్సుతో హుడ్ రాకపోయి ఉంటే ద్రవం కంటే ముందు అది కొనండి.

ఇంత చేశాక కూడా ఒక మచ్చ కదలకుండా అక్కడే ఉంటే రుద్దడం పెంచకండి. లెన్సును అటూ ఇటూ వంచి చూడండి. గ్లాసు మీది ప్రతిబింబాలతో పోలిస్తే మచ్చ లోతుగా ఉన్నట్టు, వేరుగా కదులుతున్నట్టు అనిపిస్తే అది లోపలి వైపుది. సాలెగూడులా సన్నటి పోగులు పాకినట్టుంటే ఫంగస్. దానికి బయటి నుంచి మందు లేదు, సర్వీసు వాళ్లు విప్పాల్సిందే. అమ్మినాయన లెన్సు వెనక్కి తీసుకునే గడువు ఉంటే ముందు ఆ మాట మాట్లాడండి. మచ్చ బయటే ఉండి, కోటింగ్ రంగు అక్కడ ఒక్కచోట మారినట్టుంటే పాత ముద్ర తినేసిన చోటై ఉండొచ్చు. దాన్ని అలాగే వదిలేయండి. నా మూడు గీతల్లో లోతైనదాంట్లో సన్నటి బ్రష్ కొసతో నల్ల ఇంకు నింపాను, వెలుతురు అక్కడ తళుక్కుమనకుండా. ఇప్పటికీ పొద్దున పూట బాతుల దగ్గరికి ఆ లెన్సే వెళ్తోంది.